తీగ లేని బరమా – దాని బ్యాటరీ

గత వేసవిలో కడప పట్టణమున మా యింటి వంటగదిలో ఒక చిన్న పని జరిగినది. గోడలో అమర్చిన నాపరాతి బండకు, అనగా దేశమంతట "కడప బండ" యని పేరొందిన నల్లరాతి పలకకు, నాలుగు రంధ్రములు తొలిచి ఇనుప పట్టీలు బిగింపవలసియుండెను. పనికి ఇద్దరు వచ్చిరి. ఒకరు నడివయస్సు మేస్త్రి. వసారాలో తలుపు పని ఆయనది. రెండవవాడు ఆయన యొద్ద పని నేర్చి, ఈ మధ్యనే సొంతముగా మర కొనుక్కొన్న యువకుడు. వంటగది పని యతనిది. ఇరువురి చేతులలోను తీగ లేని డ్రిల్లు మరలే. రెండింటిమీదను 18 వోల్టులని ముద్రింపబడియున్నది. కాని తయారు చేసిన సంస్థలు వేరు. రెండు రంధ్రములు ముగియునంతలో యువకుని మర నీరసించి నిలిచిపోయెను.

"అన్నా, నీ రెండో బ్యాటరీ ఈయన్నా, నాది ఐపోయింది."

"ఇది నీ దాంట్లో పట్టదు తమ్ముడూ."

"రెండూ పద్దెనిమిదే గదన్నా?"

"అంకె ఒకటే, గాడి వేరే."

యువకుడు తన బ్యాటరీని చార్జరులో పెట్టెను. అది మధ్యాహ్నపు వేళ. బ్యాటరీ చేతికి వేడిగా తగులుచుండెను. చార్జరు దానిని స్వీకరింపక దీపమును మినుకు మినుకుమనిపించుచు కూర్చుండెను. బ్యాటరీ చల్లబడి, పిమ్మట నిండునప్పటికి ఒక పూట గడచిపోయినది. పోయిన కాలమును పూడ్చుకొను తొందరలో అతడు నాలుగవ రంధ్రమును సుత్తిపోటు పెట్టి తొలిచెను. బండ మూల పగిలినది. బండ వెల మేమే పెట్టుకొంటిమి, కాని అతని పూట కూలిని తిరిగి యెవరు తేగలరు?

"రెండూ పద్దెనిమిదే గదా?" యన్న ఆ ప్రశ్న మా మనస్సులో నిలిచిపోయినది. ఈనాడు వడ్రంగులు, కరెంటు పనివారు, కుళాయి పనివారు మాత్రమే గాక గృహస్థులు కూడ ఇట్టి మరలను కొనుచున్నారు. సంస్థలు అనేకములు, అంకెలు అనేకములు. ఏ అంకె యేమి చెప్పుచున్నది, ఏది చెప్పుట లేదు అనునది తెలిసికొనుట లాభకరము గనుక ఆ విషయమును ఇచట వివరింప బూనుకొంటిమి.

మన వడ్రంగులు పూర్వము బరమాను కమానుత్రాటితో త్రిప్పి కొయ్యకు బెజ్జము వేసెడివారు. బలము చేతిది, నేర్పు కంటిది. చేతిలో తుపాకివలె పట్టుకొని మీట నొక్కినంతనే తిరుగు విద్యుత్ డ్రిల్లుకు అమెరికాలోని బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థవారు 1917లో పేటెంటు పొందిరి. ఆ సంస్థయే 1961లో తీగ లేని డ్రిల్లును వెలువరించినది. జపాను దేశపు మకీటా సంస్థ 1978లో 7.2 వోల్టుల డ్రిల్లును తెచ్చినది. ఆనాటి బ్యాటరీలలో నికెలు, కాడ్మియము అను లోహములుండెడివి. అవి బరువైనవి, మూలబెట్టినచో తమంతట తామే వట్టిపోవునవి. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని విపణికి తెచ్చిన పిమ్మట పరిస్థితి మారినది. 2005 ప్రాంతమునుండి ఆ బ్యాటరీలు పనిముట్లలోనికి ప్రవేశించినవి. వీని రూపకల్పనకు మూలపురుషులైన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అను మువ్వురికి 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఇక బ్యాటరీ పెట్టె లోపల నేమున్నదో చూతము. టార్చిలైటులో సెల్లులను ఒకదాని వెనుక నొకటి పేర్చుట పాఠకులెల్లరు ఎరిగినదే. ఒక్కొక్క సెల్లు ఒకటిన్నర వోల్టు గనుక రెండు చేర్చిన మూడగును. డ్రిల్లు బ్యాటరీలోను ఇదే యేర్పాటు. ఒక్కొక్క లిథియం ఘటము సగటున 3.6 వోల్టులు, ఐదు ఘటములను వరుసగా కలిపినచో 18. అదే ఘటము పూర్తిగా నిండినప్పుడు 4.2 వోల్టుల వరకు చేరును. అప్పుడు ఐదింటి మొత్తము 21 అగును. ఈ చిన్న గణితమును గుర్తుంచుకొన్నచో అంగడిలోని గజిబిజి చాలవరకు విడిపోవును. డివాల్ట్ సంస్థ ఒకే తరగతి బ్యాటరీలను అమెరికాలో "20 గరిష్ఠము" అనియు, ఐరోపాలో 18 అనియు అమ్ముచున్నది. ఆ రెండును ఒకే బలము గలవి. లెక్కించిన క్షణము వేరు, అంతే. అట్లే 12 వోల్టులని పిలువబడు చిన్న మరలలో మూడు ఘటములుండును; వాని సగటు 10.8 మాత్రమే.

పేరు లేని కొన్ని అనుకరణ బ్యాటరీలపై 48 అనియు, 88 అనియు పెద్ద అంకెలు కనిపించును. 48 వోల్టులు కావలెనన్న పదుమూడు ఘటములైనను వరుసగా నుండవలెను. ఐదు ఘటముల పెట్టెపై ఎంత పెద్ద అంకె అచ్చువేసినను లోపలి బలము 18 మించదు. కనుక "ఇందులో వరుసగా ఎన్ని సెల్లులు?" అని అడుగుట కొనువాని మొదటి ప్రశ్న కావలెను. దానికి సమాధానము చెప్పలేని అంగడివానియొద్ద పెద్ద అంకెకు విలువ నీయరాదు.

రెండవ అంకె ఆంపియర్ గంటలు. వోల్టులు నీటి ఒత్తిడి వంటివైనచో, ఆంపియర్ గంటలు కడవ పరిమాణము వంటివి. రెంటిని గుణించిన వచ్చునది వాట్ గంటలు. సంస్థలను సరిపోల్చుటకు నిజమైన తూనిక యిదియే. 18 వోల్టులు, 2 ఆంపియర్ గంటల బ్యాటరీలో 36 వాట్ గంటలుండును. 4 ఆంపియర్ గంటలదైనచో 72. ఇంటిలోని సాధారణపు పంకా గంటసేపు తిరుగుటకు పట్టు విద్యుత్తు సుమారుగా అంతియే. ఒక సంస్థ "20 వోల్టులు, 2 ఆంపియర్ గంటలు" అని వ్రాసినచో 40 వాట్ గంటలని భ్రమపడరాదు. అదియు 36 గానే యెంచవలెను.

ఇందు మరియొక సంగతి కలదు. 4 ఆంపియర్ గంటల పెట్టెలో తరచు పది ఘటములు రెండు వరుసలుగా నుండును. వరుసలు రెండైనప్పుడు మర కోరు ప్రవాహమును అవి పంచుకొనును. ఒక్కొక్క ఘటముపై భారము తగ్గును, వేడి తగ్గును. బరువైన పనిలో పెద్ద బ్యాటరీ ఎక్కువసేపు నిలుచుట మాత్రమే గాక మరకు ఎక్కువ పట్టును ఇచ్చుటకు కారణమిదియే. కాని బరువు పెరుగును. కప్పువైపు చేతులెత్తి రోజంతయు పనిచేయువానికి చిన్న బ్యాటరీలు రెండుండుట, పెద్దది యొకటి యుండుటకంటె మేలు.

మరి రెండును 18 వోల్టులే యైనప్పుడు ఒకదాని బ్యాటరీ వేరొకదానికి ఎందుకు పట్టదు? మొదటి కారణము మేస్త్రి చెప్పిన గాడియే. బాష్, మకీటా, డివాల్ట్, హైకోకీ (ఇది 2018 వరకు హిటాచీ పేరుతో నుండెడిది) మున్నగు సంస్థలు ఎవరి జారుడు పట్టాలు, ఎవరి లోహపు నాలుకలు వారివిగా చేసికొన్నవి. రెండవ కారణము మరింత లోతైనది. బ్యాటరీకి, మరకు నడుమ విద్యుత్తు మాత్రమే గాక సమాచారము కూడ ప్రయాణము చేయును. బ్యాటరీ వేడెక్కినదా, ఘటములు అడుగంటినవా యని తెలుపు ఏర్పాట్లు లోపల గలవు. కొన్ని సంస్థలలో రక్షణ వలయము బ్యాటరీలోనే యుండును. కొన్నింట "చాలు, ఇక ఆపుము" అని నిర్ణయించు బాధ్యత మరది. ఒకరి బ్యాటరీని వేరొకరి మరకు తగిలించు అడాప్టరులు అంగడిలో లభించుచున్నవి. అవి పట్టాల కొలతను సరిచేయగలవు గాని ఆ సంభాషణను సరిచేయలేవు. ఆపవలసిన చోట ఎవరును ఆపకపోవుటచే ఘటములు మితిమీరి వట్టిపోయి, తిరిగి నిండుటకే పనికిరాకుండ పోవచ్చును.

ఈ చిక్కును సంస్థలే కొంతవరకు గుర్తించినవి. జర్మనీలోని మెటాబో సంస్థ ముందు నడువగా 2018లో కొన్ని సంస్థలు ఒకే బ్యాటరీని వాడుకొనుటకు ఒడంబడిక చేసికొనినవి. బాష్ సంస్థయు కొన్ని యితర సంస్థలతో కలసి అట్టి యేర్పాటు చేసినది. మరికొందరు తమ యింటిలోనే వంతెనలు కట్టినారు. డివాల్ట్ వారు 2016లో తెచ్చిన ఒక బ్యాటరీ చిన్న మరలో 18 వోల్టులుగాను, పెద్ద మరలో 54 వోల్టులుగాను పనిచేయును. హైకోకీ వారిది 18గాను, 36గాను మారును. పెట్టె లోపలి ఘటములను ఒకచో ప్రక్కప్రక్కన, ఒకచో వరుసగా కలుపుటయే యిందలి రహస్యము. అయినను అన్ని సంస్థలకు చెల్లు బ్యాటరీ నేటికిని లేదు. కనుక తొలి మరను కొనువాడు నిజమునకు ఒక బ్యాటరీ కుటుంబమున చేరుచున్నాడు. తరువాత కొను రంపము, కోతమర, దీపము, అన్నియు ఆ కుటుంబమునుండియే రావలెను. లేనిచో మరల బ్యాటరీ, మరల చార్జరు కొనవలసియుండును. రెండు బ్యాటరీల వెల కలిపిన మర వెలను మించుట తరచు చూచుచున్నదే.

ఇక మన సీమ ఎండ మాట. రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని మనవారి సామెత. రోళ్ళ మాట యెట్లున్నను బ్యాటరీలు చెడుట నిజము. తమ బ్యాటరీలను 10 నుండి 40 డిగ్రీల సెంటిగ్రేడు మధ్యనే నింపవలెనని మకీటా వారు తెలుపుచున్నారు. 40 డిగ్రీలు దాటిన గాలిలో నింపవలదని డివాల్ట్ వారు హెచ్చరించుచున్నారు. కడప, కర్నూలు ప్రాంతములలో మే నెలలో నీడలోనే 40 దాటు దినములు అనేకములు. రేకుల షెడ్డులోను, ఎండలో నిలిపిన మోటారుసైకిలు పెట్టెలోను ఎంత యుండునో వేరుగా చెప్పనక్కరలేదు. చల్లని దేశమున కూర్చుండి వ్రాసిన ప్రచార పత్రము బ్యాటరీకి ఇన్ని సంవత్సరముల ఆయువని చెప్పినచో, ఆ లెక్క మన మిట్టమధ్యాహ్నమునకు వర్తింపదు. లిథియం ఘటమునకు వేడియే పరమశత్రువు. నిండుగానుండి వేడిలో నుండుట మరింత కీడు. లోపలి రసాయనములు పని లేకున్నను వ్యర్థముగా మార్పు చెందుచు, నిలువచేయు శక్తిని క్రమముగా పోగొట్టుకొనును.

అందుచే మా వంటగదిలో చార్జరు మొండికెత్తుట దాని లోపము కాదు. అది బ్యాటరీని కాపాడుచుండెను. వేడి తగ్గువరకు ఆగుటయే దాని ధర్మము. అట్లు ఆగని చౌక చార్జరు ఆ పూటకు మేలు చేసినట్లు తోచినను బ్యాటరీ ఆయువును తినివేయును. సంస్థలను పోల్చునప్పుడు ఈ రక్షణ గలదా లేదా యని తప్పక విచారింపవలెను. పనివారు వేసవిలో బ్యాటరీలను రాత్రివేళగాని తెల్లవారుజామునగాని నింపుకొనుట మంచిది. మర నుండి తీసిన వెంటనే చార్జరులో పెట్టరాదు. నీడలో గాలి తగులుచోట కొంతసేపు ఉంచవలెను. చల్లార్చుటకు నీళ్ళలో ముంచుట, మంచుపెట్టెలో పెట్టుట తగదు. పని లేని నెలలలో బ్యాటరీని సగము నింపి చల్లనిచోట దాచవలెను. పూర్తిగా వట్టిపోయిన పిమ్మటనే నింపవలెనను మాట పాత నికెలు కాడ్మియము కాలమునాటిది. లిథియమునకు ఆ నియమము లేదు. మర నీరసించుటతోడనే నింపుట మేలు.

బ్యాటరీ యిట్లుండగా, మర అవయవములను గూర్చి కొంత తెలిసికొందము. మొదటిది మోటారు. పాత పద్ధతి మోటారులో బొగ్గు బ్రష్షులు తిరుగు భాగమును ఒరసికొనుచు విద్యుత్తు నందించును. అవి అరుగును, నిప్పురవ్వలు రాల్చును, కొంత శక్తిని వేడిగా పోగొట్టును. బ్రష్షులు లేని మోటారులో తిరుగుభాగమున అయస్కాంతములుండి, విద్యుత్తును ఎలక్ట్రానిక్ వలయము వంతులవారీగా మార్చుచుండును. అందుచే అదే బ్యాటరీతో ఎక్కువ పని జరుగును. వెల యెక్కువ, చెడినచో బాగుచేయుట మన వీధిలోని మరమ్మతుదారునకు సులభము కాదు. దినమంతయు వాడువానికి బ్రష్షులు లేనిది, నెలకొకమారు మేకు బిగించు గృహస్థునకు బ్రష్షులు గలది చాలును.

రెండవది పళ్ళచక్రముల పెట్టె. నడుమ నొక చక్రము, దాని చుట్టు సూర్యుని చుట్టు గ్రహములవలె తిరుగు చిన్న చక్రములు ఇందుండును. మోటారు వేగమును తగ్గించి బలమును పెంచుట దీని పని. మర పైనుండు 1, 2 అను మీట ఇచటిదే. ఒకటిలో వేగము తక్కువ, బలమెక్కువ. మరమేకులు బిగించుటకు, పెద్ద రంధ్రములకు అది తగినది. రెండులో వేగమెక్కువ, సన్నని రంధ్రములకు తగినది. ఈ బలమును న్యూటన్ మీటరులలో కొలుతురు. ఇచట కొనువారు మోసపోవు అవకాశము కలదు. గట్టి పదార్థమున మరమేకు తటాలున ఆగినప్పటి బలము ఒకటి, మెత్తని కొయ్యలో నిలుకడగా లభించు బలము వేరొకటి. బాష్ వారి 18 వోల్టుల మర యొకదానికి ఈ రెండును 54, 21 అని వ్రాయబడియున్నవి. ఒక సంస్థ మొదటి అంకెను మాత్రమే, మరియొక సంస్థ రెండవదానిని మాత్రమే చెప్పినచో పోలిక తప్పును. గట్టిని గట్టితోను, మెత్తని మెత్తతోను పోల్చవలెను.

మూడవది మెడ వద్దనుండు అంకెల వలయము. నిర్ణీతమైన బలము చేరగానే ఇది టకటకమని జారిపోయి మరమేకును అతిగా బిగియనీయదు. నాలుగవది బిట్టును పట్టుకొను చక్కు. 10 మిల్లీమీటరులది, 13 మిల్లీమీటరులది సాధారణముగా లభించును. అంగడిలోనే తిన్నని బిట్టునొకదానిని బిగించి మెల్లగా త్రిప్పి చూడవలెను. మొన ఒకేచోట నిలిచినచో చక్కు మంచిది. చిన్న సున్న చుట్టుచున్నచో ఆ మర చేయు రంధ్రమెల్ల వదులే. ఏ ప్రకటనయు చెప్పని ఈ సంగతిని కన్ను క్షణములో చెప్పును.

ఐదవది సుత్తి గుర్తు. చాల మరలలో పళ్ళు గల రెండు బిళ్ళలు ఒకదానిపై నొకటి ఎగిరిపడుచు బిట్టును వేగముగా పోటుపొడుచును. ఇటుకగోడకు, సిమెంటు కాంక్రీటునకు ఇది అవసరము. నాపరాతికి ఇది మృత్యువు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల ప్రాంతముల బండలు సున్నపురాతి జాతివి. పొరలు పొరలుగా ఏర్పడినవి. ఆ పొరల చలువచేతనే మన పూర్వులు వానిని పలకలుగా చీల్చి నేలపై పరచగలిగిరి. ఆ పొరల వెంటనే పోటుకు పగులును. ఖనిజముల కాఠిన్యమును కొలుచు పట్టికలో ఈ రాతిలోని కాల్సైటు 3వ స్థానమున నున్నది. బిట్టు మొనలోని టంగ్‌స్టన్ కార్బైడు సుమారు 9. కనుక పోటు లేకుండ కేవలము తిరుగుటచేతనే రాయి తెగును. గ్రానైటులోని స్ఫటికము 7 గనుక దానికి వజ్రపుపొడి పూసిన బిట్టు కావలెను. నాపరాతికి మంచి పదును గల కార్బైడు బిట్టు, తక్కువ వేగము, తేలిక చేయి, అప్పుడప్పుడు స్పంజితో కొన్ని నీటిచుక్కలు చాలును. బండ క్రింద కొయ్యను ఆనించి, అంచునకు నాలుగు వ్రేళ్ళ దూరమైన విడిచి తొలువవలెను. నీరు మర గాలిరంధ్రములలోనికి పోనీయరాదు.

పనికిరాని బ్యాటరీ విషయమునను ఒక మాట. చౌకగా సెల్లులు మార్చి యిత్తుమనువారు జతకుదరని ఘటములను చేర్చినచో అవి సమముగా నిండక, వేడెక్కి, మంట పుట్టించు ప్రమాదము కలదు. చెత్తలో వేయుటయు ప్రమాదమే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము పాతవానిని తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులపై నున్నది. వానిని సంస్థ సేవాకేంద్రమున ఒప్పగించుట యుచితము.

అందుచే కొనునప్పుడు వరుస యిట్లుండవలెను. మొదట మన యూరిలో ఏ సంస్థ బ్యాటరీలు, మరమ్మతు, విడిభాగములు లభించునో చూడవలెను. తోటిపనివారు ఏ కుటుంబమున నున్నారో విచారింపవలెను. పిమ్మట వాట్ గంటలను, చార్జరు రక్షణను పోల్చవలెను. ఆ తరువాతనే మోటారు, చక్కు, బలము. రంగు, ప్రకటన, పెద్ద అంకెలు చిట్టచివరివి.

మొన్న ఆ యువకుడు మరల మా యింటికి వచ్చి పగిలిన బండ స్థానమున క్రొత్తదానిని అమర్చెను. ఈమారు సుత్తి గుర్తును తప్పించి, క్రింద కొయ్య నానించి, నాలుగు రంధ్రములను నెమ్మదిగా తొలిచెను. తెల్లవారకముందే నింపుకొనివచ్చిన రెండవ బ్యాటరీని తడిగుడ్డ కప్పిన కుండ ప్రక్క నీడలో, తేమ తగులని చోట పెట్టుకొనియుండెను. "మేస్త్రి కుటుంబములో చేరలేదా?" యని మేమడిగితిమి. "ఉన్నది అరగనీ సార్, ఈసారి కొనేటప్పుడు అన్నదే కొంటా" అని నవ్వెను. ఆ పూట అతని కూలికి లోటు రాలేదు; మా బండకును రాలేదు.